నిత్యజీవితమున యోగము – దినచర్య

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



పల్లెనుండి పట్నమునకు ఉత్తరము వ్రాయు కాలమున మొట్టమొదటి వాక్యము యోగక్షేమములను గూర్చియే యుండెడిది. యోగమనగా లేనిదానిని పొందుట, క్షేమమనగా పొందినదానిని కాపాడుకొనుట అని పెద్దలు అర్థము చెప్పిరి. ఉత్తరముల కాలము గడచి, టెలిఫోను ప్రతివారి చేతికిని వచ్చినది. అయినను ఆ రెండు మాటలలోని ప్రశ్న మాత్రము అట్లే నిలిచియున్నది. ఆరోగ్యము విషయమున ఈ తరము ఏమి పొందినది, దేనిని కాపాడుకొనలేకపోవుచున్నది అను విచారణయే ఈ ప్రసంగమునకు విషయము.

యోగమనగానే సామాన్యునకు రెండు చిత్రములు తోచును. ఒకటి, జడలు ధరించి కొండగుహలో కన్నులు మూసికొని కూర్చున్న ముని. రెండవది, టెలివిజనులో కాళ్ళు మెడపైకి చుట్టుకొని నవ్వుచున్న యువకుడు. మొదటిది తనకు అందనిది, రెండవది తనవలన కానిది అని తలచి గృహస్థుడు తన పనిలో తాను పడును. శాస్త్రము చెప్పునది ఈ రెండును కాదు.

పతంజలి యోగసూత్రములు నాలుగు పాదములుగా నున్నవి. సూత్రములన్నియు కలిపినను రెండువందలకు లోపే. వానిలో ఆసనమును గూర్చినవి మూడు మాత్రమే. కదలక, కష్టము లేక కూర్చుండగలుగుటయే ఆసనమని వాని సారము. అష్టాంగములలో ఆసనము మూడవది, ప్రాణాయామము నాలుగవది. వానికి ముందు యమనియమములు గలవు. హింస చేయకుండుట, సత్యము పలుకుట, పరుల సొమ్ము ఆశింపకుండుట, బ్రహ్మచర్యము, అవసరమునకు మించి కూడబెట్టకుండుట – ఇవి యమములు. శౌచము, సంతోషము, తపస్సు, స్వాధ్యాయము, ఈశ్వరప్రణిధానము – ఇవి నియమములు. ఈ పదింటిని దాటి ఆసనమునకు పోవువాడు పునాది లేక గోడ లేపువానివంటివాడు. పొరుగువాని పొలము గట్టును ఏటేట కొంచెముకొంచెముగా చెక్కి, దావా కాగితములు తలక్రింద పెట్టుకొని పరుండువానికి, తెల్లవారి చేసిన ప్రాణాయామము వలన ఎంత శాంతి కలుగునో ఎవరికివారే ఊహింపవచ్చును.

ఆసనములు పెక్కు విధములుగా పెరుగుట తరువాతి కాలమున జరిగినది. 15వ శతాబ్దమునాటిదని పండితులు భావించు హఠయోగప్రదీపికలో స్వాత్మారాముడు వర్ణించిన ఆసనములు పదునైదు మాత్రమే. నేడు పాఠశాలలలో నేర్పు క్రమములు చాలవఱకు 20వ శతాబ్దమున రూపొందినవి. ఔంధు సంస్థానాధిపతి భవానరావు పంత్ ప్రతినిధిగారు సూర్యనమస్కారములను సర్వజన వ్యాయామముగా ప్రచారము చేసిరి. మైసూరు మహారాజుగారి ఆదరణమున తిరుమలై కృష్ణమాచార్యులుగారు 1930 దశకమున యోగశాలను నడపిరి. వారి శిష్యులు బి.కె.ఎస్. అయ్యంగారుగారు ఆ విద్యను పాశ్చాత్య దేశములకు కొనిపోయిరి. 1924లో స్వామి కువలయానందులు లోనావ్లాలో కైవల్యధామమును స్థాపించి, యోగక్రియల వలన శరీరములో కలుగు మార్పులను ఎక్సురే మొదలగు సాధనములతో పరీక్షించి చూచిరి. పూర్వుల విద్యను కన్నులకద్దుకొనుటతో తృప్తిపడక, పరీక్షకు పెట్టుటయే దానికి నిజమైన గౌరవమని వారు తమ పనిచేత చూపిరి. ప్రాచీన వృక్షమునకు క్రొత్త కొమ్మలు వచ్చుటలో తప్పు లేదు. కాని కొమ్మయే చెట్టని భ్రమించుట తప్పు.

2014 డిసెంబరు 11వ తేదీన ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ జూన్ 21వ తేదీని అంతర్జాతీయ యోగదినముగా నిర్ణయించినది. ఆ తీర్మానమును 177 దేశములు బలపఱచినవి. 2016లో యునెస్కో సంస్థ యోగమును మానవజాతి సాంస్కృతిక వారసత్వములలో చేర్చినది. 2025 జూన్ 21న విశాఖపట్టణ సముద్రతీరమున మూడు లక్షలకు మించిన జనము ఒక్కసారిగా ఆసనములు వేసిరి. ఇది సంతోషింపదగిన విషయమే. అయితే సంవత్సరమున ఒకదినము పండుగ, తక్కినవి 364 దినములు. తిరునాళ్ళ మఱునాడు ఊరిలో ఏమి జరుగుచున్నదనునదే అసలు ప్రశ్న. దానికి సమాధానము చెప్పునది దినచర్య.

ఆయుర్వేదమున వాగ్భటుడు రచించిన అష్టాంగహృదయము సూత్రస్థానములో రెండవ అధ్యాయమునకు దినచర్య యనియు, మూడవదానికి ఋతుచర్య యనియు పేరు. ఔషధముల ప్రసంగము ఇంకను సాగకమునుపే మనుష్యుడు ఎప్పుడు లేవవలయును, పండ్లెట్లు తోముకొనవలయును, ఎంత శ్రమింపవలయును అను విషయములను ఆచార్యుడు ఎత్తుకొనెను. వైద్యుని యింటికి పోవు దారి కంటె, పోనక్కఱలేని దారిని ముందుగా చూపెనన్నమాట. జిల్లేడు, మఱ్ఱి, చండ్ర, కానుగ, మద్ది మొదలగువాని పుల్లలతో దంతధావనము చెప్పెను. తలకును, చెవులకును, పాదములకును ముఖ్యముగా నూనె రాయుమనెను. మన యిండ్లలోని తలంటి, నలుగు, కుంకుడుకాయల స్నానము ఈ సంప్రదాయమునకు చెందినవే. చంటిబిడ్డకు కాళ్ళపై బోర్లబెట్టుకొని నూనె రాయుట బిడ్డకు హాయి, తల్లికి మురిపెము. అయితే బిడ్డ ముక్కులలోను చెవులలోను నూనె పోయు అలవాటు మాత్రము మానవలయును. అది ఊపిరితిత్తులలోనికి దిగి ప్రమాదము కలిగించునని నేటి శిశువైద్యులు హెచ్చరించుచున్నారు. సంప్రదాయమును ప్రేమించువాడు దానిలోని మంచిని నిలుపుటకే చెడుగును ఏరివేయును. వరిచేలో కలుపు తీయు రైతునకు వరిపై ద్వేషము లేదుకదా!

వ్యాయామమును గూర్చి వాగ్భటుడు చెప్పిన విధి మిక్కిలి గమనింపదగినది. బలవంతుడైనవాడు కూడ చలికాలమునను వసంతమునను తన శక్తిలో సగము మేరకే శ్రమింపవలయును. తక్కిన ఋతువులలో అంతకంటెను తక్కువగా. సగము శక్తి యనగా ఎంత? శ్రమించునపుడు ఊపిరి నోటికి వచ్చునంతవఱకు అని సుశ్రుతుడు గుర్తు చెప్పెను. మాటలాడగలుగునంత, పాట పాడలేనంత ఆయాసము కలుగునట్లు నడువుమని నేటి వైద్యులు చెప్పుమాట దీనికి మిక్కిలి దగ్గఱగా నున్నది. పెద్దలైనవారు వారమునకు 150 నిమిషములకు తక్కువ కాకుండ ఇట్టి మధ్యమ శ్రమ చేయవలయునని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయము. అనగా వారమున అయిదు దినములు, దినమునకు అరగంట. దీనికి దుస్తులు కొననక్కఱలేదు, రుసుము చెల్లింపనక్కఱలేదు. ఊరిచెఱువు కట్ట చాలును.

పల్లెటూరివానికి వేఱుగా వ్యాయామమెందుకని ఎవరైన అడుగవచ్చును. ఆ ప్రశ్న రెండు తరముల క్రిందట సరియైనదే. అప్పుడు దంపుడు రోకలి, తిరుగలి, చేతాడు, కావడి, నాగలి – ఇవియే వ్యాయామశాలలు. కోడికూతతో లేచిన స్త్రీ సూర్యోదయమునకు ముందే నీళ్ళు తోడి, కళ్ళాపి చల్లి, మజ్జిగ చిలికి ఉండెడిది. నేడు నీరు కొళాయిలో వచ్చుచున్నది, పిండి మరలో పడుచున్నది, దుక్కి ట్రాక్టరు దున్నుచున్నది. ఇది దుఃఖింపవలసిన మార్పు కాదు. నడుములు విఱుగు చాకిరి తగ్గుట మేలే. కాని నాగలి పట్టిన తాత తిన్నంత అన్నమునే ట్రాక్టరు నడపు మనుమడును తినుచున్నాడు. శ్రమ పోయినది, ముద్ద మాత్రము అట్లే యున్నది. అనర్థమంతయు ఈ లెక్క తప్పుటలోనే యున్నది.

ఆ తప్పిన లెక్క ఫలితము 2023లో భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యమున వెలువడిన సర్వేలో కనబడుచున్నది. దేశమున మధుమేహము గలవారు 10 కోట్లకు పైబడి యున్నారనియు, మఱి 13 కోట్లకు మించినవారు దాని అంచున ఉన్నారనియు, రక్తపుపోటు గలవారు 31 కోట్లకు పైగా ఉన్నారనియు అది తెలిపినది. పట్టణవాసుల జబ్బని పల్లెలు నిశ్చింతగా ఉండుటకు వీలులేదు.

ఇక ఆహారము. కడుపును నాలుగు భాగములుగా భావించి, రెండింటిని అన్నముతోను, ఒకదానిని ద్రవముతోను నింపి, నాలుగవదానిని వాయువునకు విడువవలయునని వాగ్భటుడు చెప్పెను. హఠయోగప్రదీపికయు నాలుగవ భాగము ఖాళీగా నుండవలయుననియే చెప్పుచున్నది. యోగికి, గృహస్థునకు, రోగికి కూడ మొదటి పాఠమొక్కటే: మితము.

ఏమి తినవలయునను విషయమున తెలుగునాటికి ఒక చేదు అనుభవము గలదు. బియ్యపు మరలు వచ్చి పచ్చిబియ్యమును తెల్లగా పాలిషు పట్టుట మొదలైన పిదప, ఉత్తర సర్కారు జిల్లాలలో బెరిబెరి వ్యాధి కనబడెను. కాళ్ళు తిమ్మిరులెక్కుట, నీరు పట్టుట, గుండె బలహీనపడుట దాని లక్షణములు. తవుడుతోపాటు తయమిన్ అను విటమిను పోవుటయే కారణము. ఉప్పుడు బియ్యము తినువారికి ఈ బాధ చాలవఱకు లేకుండెను. ఏలయన వడ్లు ఉడుకునపుడు ఆ విటమిను గింజలోనికి ఇంకును. ఈ సమస్యను పరిశోధించిన కూనూరు పోషకాహార పరిశోధనాలయమే 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, పిదప జాతీయ పోషకాహార సంస్థ యను పేరు పొందినది. రోకలి తెలియక చేసిన ఉపకారమును యంత్రము తెలియక అపహరించెను; శాస్త్రము ఆ రహస్యమును తేల్చిచెప్పెను. సంప్రదాయమునకు శాస్త్రము శత్రువు కాదనుటకు ఇదియొక నిదర్శనము.

జొన్నరొట్టె, రాగిసంకటి, సజ్జ, కొఱ్ఱ, మజ్జిగ కలిపిన చద్దియన్నము, మునగాకు, తోటకూర – పేదవాని తిండి యని ఒకప్పుడు సిగ్గుపడిన వీనినే నేడు పట్నపు అంగళ్ళలో అధిక ధరకు కొనుచున్నారు. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యముల సంవత్సరముగా జరిపినది. మన పెరటిలోని మునగచెట్టు ఎవరి ప్రశంసాపత్రమునకును ఎదురుచూడలేదు. అయితే పూర్వులు తినినదంతయు అమృతమనుటయు పొరపాటే. ఆవకాయ మన యింటి లక్ష్మి. కాని రోజునకు మనిషికి 5 గ్రాములకు లోపుగా ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచుండగా, మూడు పూటల ఊరగాయతో ఆ హద్దు తేలికగా దాటిపోవును. ఎండలో చెమటోడ్చినవానికి చెల్లినది నీడపట్టున కూర్చున్నవానికి చెల్లదు.

ఆహారము, నిద్ర, బ్రహ్మచర్యము అను మూడును దేహమను ఇంటికి నిట్రాళ్ళని చరకుడు చెప్పెను. నేటి గ్రామమున ఎక్కువగా కదలినది నిద్ర యను నిట్రాడు. పూర్వము దీపము ఆర్పుటతో రాత్రి మొదలయ్యెడిది. ఇప్పుడు అర్ధరాత్రివఱకు చేతిలోని ఫోను వెలుగుచునే యుండును. ఆలస్యముగా నిద్రించి వేకువన లేచి ఆసనము వేయుట, చిల్లుకుండలో నీరు పోయుటవంటిది. వేకువన లేవవలయునను విధిలోనే పెందలకడ పరుండవలయునను విధి ఇమిడియున్నది. రోహిణీకార్తె ఎండలలో మధ్యాహ్నపు కునుకునకు వాగ్భటుడు అనుమతి యిచ్చెను. ఋతువెఱిగి నడచుకొనుటయే ఆయన మతము.

యోగాభ్యాసము ఆరంభింపదలచువారు నిదానముగా ఆరంభింపవలయును. నడక, పది నిమిషముల తేలికయైన ఆసనములు, బలవంతము లేని దీర్ఘశ్వాస, కొంతసేపు మౌనము – గృహస్థునకు ఇది మంచి ప్రారంభము. రక్తపుపోటు, నీటికాసులు, మెడనొప్పి గలవారు శీర్షాసనము జోలికి పోరాదు. గర్భవతులు వైద్యుని అడుగకుండ ఏ క్రియయు చేయరాదు. ముక్కులోనుండి దారము తీయుట, నీరు త్రాగి కక్కుట మొదలగు క్రియలు పుస్తకము చూచి గాని, ఫోనులో బొమ్మ చూచి గాని చేయదగినవి కావు.

ఇంతకంటె ముఖ్యమైన మాట యొకటి గలదు. ప్రాణాయామము మొదలుపెట్టితినని మధుమేహపు మాత్రలను, రక్తపుపోటు మాత్రలను స్వయముగా మానుకొనుట ప్రాణాపాయము. అభ్యాసము వలన గుణము కనబడినచో మాత్రల మోతాదు తగ్గించునది వైద్యుడే. పాము కఱచినపుడు మంత్రమునకు, పిచ్చికుక్క కఱచినపుడు పసరునకు కాలము వ్యర్థపుచ్చరాదు. మొదటిదానికి ఆసుపత్రిలోని విషహర సూదిమందు, రెండవదానికి గాయమును వెంటనే సబ్బునీటితో కడిగి వేయించుకొను టీకా – ఇవియే ప్రాణమును నిలుపునవి. కామెర్లు పైకి ఒకటిగా కనబడినను వాని కారణములు పెక్కు. రక్తపరీక్ష లేక పసరు త్రాగుట చీకటిలో బాణము వేయుట. చెట్టుమందు హాని చేయదనుటయు సరికాదు. సీసము, పాదరసము కలిసిన భస్మములు శుద్ధి తప్పినచో మూత్రపిండములను చెఱచును. అర్హుడైన వైద్యుని చేతిమీదుగా తప్ప వానిని వాడరాదు. వ్యాధి రాకుండ కాపాడుకొనుట దినచర్య పని. వచ్చిన వ్యాధిని కుదుర్చుట వైద్యుని పని. ఒకరి పని మఱియొకరిపై వేసినచో నష్టపోవునది రోగియే.

రెండు విద్యలును కలిసి నడువగలవనుటకు తెలుగువారి చరిత్రలోనే గొప్ప దృష్టాంతము గలదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి కుటుంబమున స్ప్రూ అను గ్రహణివంటి వ్యాధి సోదరులను బలిగొనెను. ఆయనకును ఆ వ్యాధి సోకగా, డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్స వలన కోలుకొనిరి. లక్ష్మీపతిగారు మదరాసులో పాశ్చాత్య వైద్యము చదివి, పిదప ఆయుర్వేదమును అభ్యసించి, ఆయుర్వేద కళాశాలను నడపినవారు. సుబ్బారావుగారు ఆ కళాశాలలో కొంతకాలము బోధించి, 1923లో అమెరికాకు పోయిరి. 1945 ప్రాంతమున లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వమున ఫోలిక్ ఆమ్లము తయారైనది. అది స్ప్రూ వ్యాధికి మందయ్యెను. ఆయుర్వేదము ప్రాణము నిలిపిన మనిషి, పరిశోధన ద్వారా లోకమునకు ఆ వ్యాధి మందునే ఇచ్చెను. ఆయన జీవితమున ఒక విద్య మఱియొకదానిని కాదనలేదు.

ఆ ఫోలిక్ ఆమ్లమే నేడు ఇనుముతో కలిసి గర్భవతులకిచ్చు మాత్రగా ప్రతి గ్రామమునకును వచ్చుచున్నది. దాని అవసరము ఎంతటిదో 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూపినది. 15 మొదలు 49 ఏండ్లలోపు స్త్రీలలో దేశమంతట నూటికి 57 మందికి రక్తహీనత గలదు. ఆంధ్రప్రదేశమున అది 58.8, తెలంగాణమున 57.6. ఇంటిల్లిపాదికి వడ్డించి, కుండలో అడుగున మిగిలినది తినునది ఎవరో అందఱకును తెలిసినదే. అందఱికంటె ముందు లేచునదియు ఆమెయే, అందఱి తరువాత పరుండునదియు ఆమెయే. ఆమె దినచర్య ఇట్లుండగా, యజమాని వసారాలో చాప పఱచుకొని చేయు ధ్యానము ఆ యింటికి ఆరోగ్యమీయజాలదు. అహింస యను మొదటి యమము ఇంటిలోనే మొదలుకావలయును. నీటిబిందె అందుకొనుట, కూరలు తఱుగుట, ఆమెతో కలిసి ఒకే వేళకు భోజనము చేయుట – ఇవియు యోగాంగములే యనుకొనినచో ఏ సూత్రకారుడును కాదనడు.

చివరకు స్వాధ్యాయము. నియమములలో నాలుగవదియైన ఈ మాటకు పూర్వము వేదాధ్యయనము, జపము ముఖ్యార్థములు. విశాలార్థమున, తన్ను తాను తెలిసికొనుటకై చదువుట స్వాధ్యాయము. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము పుట్టినప్పటినుండియు, అయ్యంకి వెంకటరమణయ్యగారివంటి పెద్దలు గ్రంథాలయమును కేవలము పుస్తకముల కొట్టుగా తలపలేదు. అది గ్రామమునకు కన్ను కావలయునని తలచిరి. ఈ కాలమున ఆరోగ్యమును గూర్చిన మాటలకు కొఱతలేదు. ఫోనులో గంటకొక చిట్కా వచ్చుచున్నది. ఏది నిజమో, ఏది కల్లయో తేల్చుకొను తెలివియే కొఱత. ఆ తెలివి చదువు వలనను, నలుగురు కూర్చుండి తర్కించుట వలనను కలుగును. దానికి తగిన చోటు గ్రంథాలయము.

ఇరువదియైదేండ్లు నిలిచిన ఈ గ్రంథాలయమునకు రజతోత్సవ సందర్భమున చేయదగిన సేవ యొకటి గలదు. వారమునకొక సాయంకాలము ఆరోగ్య గ్రంథపఠనము ఏర్పఱచి, నెలకొకసారి ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యునిచే సందేహములు తీర్పించి, రక్తపుపోటు, చక్కెర పరీక్షలు అదేచోట జరిపించినచో, ఆ సాయంకాలములు ఎన్ని ప్రాణములను కాపాడునో చెప్పజాలము. చదివినవారు చదువనివారికి వినిపింపవలయును. స్త్రీలకు వీలైన వేళనే సభ జరుపవలయును.

యోగము కొండగుహలో లేదు, ఒక్కనాటి ఉత్సవములోను లేదు. రాత్రి ఏ వేళకు దీపమార్పితిమి, విస్తరిలో ఎంత వడ్డించుకొంటిమి, తెల్లవారి ఎంత దూరము నడచితిమి, ఇంటివారితో ఎట్లు మాటలాడితిమి అను చిన్న విషయములలోనే అది యున్నది. రేపటి ఉదయము ప్రతి యింటను ఆ చిన్న విషయములలో ఒక్కటి చక్కబడినను ఈ సభ సార్థకమగును. ఈ గ్రామము యోగక్షేమములతో వర్ధిల్లుగాక. ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమును ఆరోగ్యవంతులైన పాఠకుల నడుమ జరుపుకొనుగాక!